ఫ్యాన్ల విమానం

అంబులెన్సు తలుపు తీయగానే విమానం కనిపించింది. రెక్కకో ఫ్యాను. అదీ బయటికే. సవరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"జెట్ అన్నవ్ గదరా," అంది కొడుకుతో.

షాలేమ్‌రాజు ముఖం పాలిపోయి ఉంది. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. పట్టుకున్న చేయి చల్లగా తగిలింది. సవరమ్మ ఆ చేయి వదల్లేదు. వచ్చే నెలలో పెళ్లి పెట్టుకున్న పిల్లగాడు, వీడికే రావాల్నా ఈ కష్టం అని చండ్రుగొండ నుంచి దారి పొడుగునా కుమిలిపోతూనే ఉంది.

గుండె నాళం ఒకటి మూసుకుపోయిందనీ, సాయంత్రంలోగా హైదరాబాద్ చేర్చకపోతే ప్రాణానికే ముప్పనీ దవాఖానాలో తేల్చి చెప్పారు. షాలేమ్‌రాజు కంపెనీ ఇన్సూరెన్సులో ఎయిర్ అంబులెన్సు కూడా ఉంది. అందుకే అడవి అంచున ఏదో ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో వేసుకున్న ఈ పొట్టి రన్‌వే మీద విమానం దిగింది.

దాంతో పాటు వచ్చిన డాక్టరు ఆరాధన, ఎక్కువ మాట్లాడొద్దమ్మా అని మెల్లగా చెప్పింది. సవరమ్మ వింటే గదా.

"దీంట్ల మా వోణ్ని ఎక్కించేది లేదు," అంది.

పైలట్ ఉదయ్ భాస్కర్ వచ్చి ఓపిగ్గానే చెప్పాడు. దీన్ని టర్బోప్రాప్ అంటారు. జెట్ ఇంతకన్నా స్పీడు, నిజమే. కానీ దానికి పొడుగు రన్‌వే కావాలి, ఇక్కడ దిగలేదు. జెట్టే కావాలంటే మిర్చి లారీల వెనకాల విజయవాడ దాకా రోడ్డున పోవాలి. హైదరాబాద్ ఏమంత దూరం గనక? జెట్ ఎక్కితే ఆకాశంలో కలిసొచ్చేది కొన్ని నిమిషాలు, రోడ్డు మీద పోయేది సగం పూట. అయినా జెట్‌లోనూ ఫ్యాన్లే తిరుగుతాయి, లోపల ఉంటాయి కాబట్టి కనపడవు.

"కనపడకపోతే భయముండదు గద సారూ."

పైలట్ నవ్వేశాడు.

"ఒకటి ఆగిపోతే?"

"రెండోది ఉందమ్మా. ఒక్కదానితో కూడా దింపుతాం."

"రెండూ ఆగితే?"

"గాల్లో తేలుతూ మెల్లగా కిందికి దిగుతుంది."

"ఏడికి? గీ అడవిలకా? ఎలుగుబంట్లు తిరుగుతయ్."

పైలట్ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు వాచీ చూసుకుంది.

అప్పుడు నోరు విప్పాడు షాలేమ్‌రాజు.

"అమ్మా, నువ్విట్లనే మాట్లాడుకుంట కూసుంటే నేను ఈడనే పోయేటట్టున్న."

సవరమ్మ సరేనంది, కానీ కొన్ని షరతులు పెట్టింది. పిల్లగాణ్ని ఫ్యాను పక్కన ఉంచొద్దు. కిటికీ తెర వేసెయ్యాలి. ఖమ్మం బస్సెక్కితేనే వాడికి కడుపులో తిప్పుతుంది, ఒక కవరు చేతికివ్వాలి. డాక్టరు అన్నింటికీ తలూపి, అందరినీ జల్దీ లోపలికి చేర్పించింది.

ఫ్యాన్లు తిరిగాయి. విమానం గడగడా వణికి, పొట్టి రన్‌వే అయిపోకముందే గాల్లోకి లేచింది. షాలేమ్‌రాజు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ప్రభువా, ఫ్యాన్లు ఆపకు, ఆపక తప్పదంటే అడవి దాటినంక ఆపు అని సవరమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలోనే ఆపి కొడుకును చూసింది.

"డాక్టరమ్మా, వీనికి ఊపిరాడతలేదు, జర చూడుండ్రి."

ఆరాధన ఇక ఓపిక పట్టలేక, షాలేమ్‌రాజు ముక్కుకు తల్లి తగిలించిన ఆక్సిజన్ మాస్కు లాగేసి, స్ట్రెచర్ మీద పడుకున్న సవరమ్మ ముక్కుకే మళ్లీ తగిలించింది.