పదహారు మెట్లు

"బిడ్డా, జర ఈ చెంబు నింపియ్యవా?"

మళ్లీ మొదలైంది. భీమమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నెత్తిమీద ఒక కుండ, చంకలో ఒక కుండ. ఊరి దిగుడు బావి పదహారు మెట్లూ ఎక్కి అప్పుడే పైకొచ్చింది. ఎక్కీ ఎక్కగానే పై మెట్టు మీద ఈ ముసలాయన, చాచిన చెంబు!

ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఎండలు ముదిరినప్పుడు గోపాల్‌పేట దోవన వచ్చి, బావికి కాస్త దూరంలో ఉన్న యోసేపు కొట్టంలో చేరాడు. తెల్లారితే ఈ మెట్టు మీద ప్రత్యక్షం. మాడు పగిలే ఎండలో కూడా మోకాళ్ల నుంచి కింది దాకా గొంగడి కప్పుకునే ఉంటాడు. అదొక పిచ్చి.

"దిగితే పదహారు మెట్లు. నీకు కాళ్లు లెవ్వా తాతా?"

"ఉన్నయి బిడ్డా. అందుకే అడుగుతున్న."

ఇదేం జవాబు? ఒంటి బద్ధకం చాలక వెటకారం కూడానా? తిట్టుకుంటూనే చెంబు నింపింది. దాహమన్నవాడికి లేదనడానికి నోరు రాదాయె.

పోనీ, తాగి ఊరుకుంటాడా!

"మీ ఇంటాయన రోజు బావిల కాలు పెట్టుకుని కూసుంటుండు. దిగనియ్యకు."

భీమమ్మ ఒళ్లు భగ్గుమంది.

ఆమె మొగుడు కురుమయ్యకు మూడేళ్లుగా వానల ముందు నారికురుపు లేస్తోంది. పాదం మీద బొబ్బ పొంగి, పగిలి, అందులోంచి దారంలాంటి పురుగు రోజుకింత బయటికొస్తుంది. ఒకటే మంట. నీళ్లలో పెడితే ఆ కాసేపు చల్లబడుతుంది. అందుకే ఊళ్లో కురుపున్న ప్రతివాడూ పొద్దున్నే ఆఖరి మెట్టు మీద కూర్చుని బావిలో కాళ్లు నానబెట్టేవాడు. కాలి వేడిని బావి గుంజుకుంటుందని తాతలనాటి నమ్మకం.

మూడేళ్లూ దున్నే వేళకు మనిషి మంచంలో. కౌలు చేను బీడు. పటేలు ఇక తెగేసి చెప్పాడు. "ఈ ఏడు పోనీ, వచ్చే ఏడు మిరుగు వానలకు నీ మొగుడు నాగలి పట్టకుంటే చేను ఇంకొకనికి ఇస్త."

ఆ చేను పోతే తినడానికేముంది?

"మండే కాలు బావిల పెట్టక నీ నెత్తిన పెట్టాల్నా?"

"కుండల పెట్టుకోమను. ఆ నీళ్లు దూరంగ ఎండల పారబొయ్యి. తాగే నీళ్లు బట్టతోని వడగట్టు."

"నాకింకేం పని లేదా?"

"పురుగు కాలిలకెల్లి బావిలకు, బావిలకెల్లి కడుపులకు పోతది బిడ్డా."

"నువ్వేమన్న దవాఖాన డాక్టరువా?"

"కాదు."

"మరెందుకు నీకీ పరేషాన్?"

ఆయన గొంగడి సర్దుకున్నాడు, అంతే.

మరునాడు ఇంకా ముదిరాడు. కుంటుకుంటూ వచ్చిన కురుమయ్యకు చేతికర్ర అడ్డం పెట్టాడు.

"జరుగు తాతా! నీ అయ్య తవ్విచ్చిండా ఈ బావి?"

"తిట్టు. కొట్టు. గాని దిగకు."

ఊరంతా పోగైంది.

"పదహారు మెట్లు దిగనీకె బద్ధకం. గీయన మనకు సుద్దులు జెప్తడు!" అంది రేణుకమ్మ. అందరూ పకపకా నవ్వారు.

ఆయన కర్ర మాత్రం తీయలేదు.

చివరికి ఊరే ఓడింది. ఆయన నస పడలేక కురుపులున్నవాళ్లు ఇంట్లోనే పాత కుండల్లో కాళ్లు పెట్టుకున్నారు. ఆడవాళ్లు కుండ మూతికి చీరపేలిక కట్టారు. నమ్మి కాదు, ఆయన నోరు మూతపడితే చాలని.

మొదటి వాన పడిన రోజు పై మెట్టు ఖాళీ. చెంబొక్కటే ఉంది.

"హమ్మయ్య, పీడ వదిలింది!" అంది భీమమ్మ, పైకే.

యోసేపు కుటుంబం కూడా అప్పటికే బండి కట్టుకుని వలస పోయింది. ముసలాయన ఎటు పోయాడని అడిగే తీరిక ఎవరికీ లేదు. నీళ్లు వడగట్టడం మాత్రం చేతులకు అలవాటైపోయింది.

ఏడాది తిరిగింది. మిరుగు వచ్చింది.

భీమమ్మ రోజూ పొద్దున్నే మొగుడి పాదాలు పట్టి చూసేది. బొబ్బ లేదు. పక్క ఊళ్లలో ఇంటికొకరు మంచమెక్కారు. ఈ ఊళ్లో ఒక్కరికి కూడా కురుపు లేవలేదు!

కురుమయ్య నాగలి పట్టాడు. పటేలు గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోయాడు. భీమమ్మకు ఏడుపు ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన.

'పేరన్నా అడగకపోతినే, నా నోరు పడిపోను!'

ఆ వారంలోనే యోసేపు వలస నుంచి తిరిగొచ్చాడు. సద్ద రొట్టెలు మూట కట్టుకుని పరుగెత్తింది.

"యోసేపూ, ఆ తాత ఏ ఊర్ల ఉన్నడు? ఒక్కసారి పోయి కాళ్లు మొక్కొస్త."

యోసేపు తల దించుకున్నాడు.

"ఇంకేడి తాత, అమ్మా! మేం పోయేనాడు బండిల ఏసుకుని వనపర్తి దవాఖానకు దీస్కపోతుంటే దోవలనే పానం పోయింది."

"అయ్యో! ఏమొచ్చింది?"

"ఆయనది లింగాల దిక్కు ఊరట. తెల్వక ఆడి బావిల కాళ్లు పెట్టి ఊరందరికి అంటిచ్చిన్నని ఏడ్చేటోడు. దవాఖానల జెప్తె గని ఎరుక కాలేదట."

"ఏం అంటిచ్చిండు?"

"నారికురుపులమ్మా. గొంగడి తీస్తే రెండు కాళ్లకు నాలుగు, అన్ని చీము పట్టినయి! 'నీదే తగ్గలే, మాకేం జెప్తవ్' అంటరని దాసిండు. మంటకు ఆగలేక మా కొట్టంల పొర్లేటోడు గాని, నూరడుగుల దూరంల బావి పెట్టుకుని ఒక్కనాడు గూడ అండ్ల కాలు పెట్టలే."