మూడో మందు పేరు

"గుండె ఆగిపోయిందని రాసెయ్యండి డాక్టరమ్మా, మీకు పుణ్యముంటుంది," అంది నాగరత్నం.

"గుండె అందరికీ ఆగుతుందమ్మా. ఎందుకు ఆగిందో రాయాలి నేను," అంది డాక్టర్ ప్రిస్కిల్లా, ల్యాబు నుంచి వచ్చిన కాగితం తిప్పుతూ.

నాగరత్నం కొడుకు చిన్నబ్బాయి పోయి రెండు నెలలైంది. ఆ కాగితం కోసమే ఇన్నాళ్ళూ మరణ సర్టిఫికెట్ ఆగింది.

"బ్రాందీ ఉంది. నిద్రమాత్ర ఉంది. మూడోది తాగుడు మాన్పే మందు. అది ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఎవరిచ్చారిది?"

మొదటి రెండూ ఊరంతటికీ తెలిసినవే. మూడోది తనకొక్కదానికే తెలుసనుకుంది నాగరత్నం. తుని సంతలో పొట్లాలవాడు, "మీవాడికి తెలీకుండా తిండిలో కలిపెయ్యండి, నెల తిరక్కుండా సీసా మొహం చూడడు," అంటే నమ్మి తెచ్చింది. రోజూ మజ్జిగలో కలిపిచ్చి, వాడు గటగటా తాగుతుంటే "ఇంకాస్త పొయ్యనా నాయనా" అని మురిసిపోయింది కూడాను. కన్నతల్లి ఇచ్చిన మజ్జిగని ఎవడు అనుమానిస్తాడు!

పక్కనే కోడలు శ్రీదుర్గ తలెత్తలేదు. "ఆ మూడోది వదిలెయ్యండి మేడం. తాగే పోయాడని రాసుకోండి. పరువు పోతే పోయింది."

"వదిలేస్తే రేపు ఇంకో ఇంట్లో ఇంకొకడు పోతాడమ్మా. మానేద్దామని మీ ఆయనే వేసుకున్నాడా?"

"ఆయనా! మానమంటే కంచం విసిరేవాడండి."

"అయితే మీ ఇంట్లో వండిపెట్టేదెవరు? రేపు పోలీసులూ ఇదే అడుగుతారు."

వండిపెట్టేది శ్రీదుర్గే. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నాగరత్నానికి ఎటూ దారి లేకపోయింది. నోరు విప్పితే కొడుకుని చంపుకున్న తల్లి. విప్పకపోతే మొగుణ్ణి చంపిందని ఈ పిల్లని పట్టుకుపోతారు.

"దాన్నేం అనకండమ్మా," అంది ఆఖరికి. "నేనే. ఈ చేతుల్తోనే, మజ్జిగలో. రోజుకి ఒక్కటంటే ఒక్క పొట్లం."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, కాగితం మళ్ళీ చదివింది. "ఒక్క పొట్లానికి ఇంత ఉండదమ్మా. ఇది రెట్టింపు మోతాదు. రెండేసి వేశారా?"

"నా బిడ్డ మీద ఒట్టు, ఒక్కటే వేశాను!"

శ్రీదుర్గ మెల్లిగా అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"నేనూ రోజూ కాఫీలో కలిపానండి, అత్తయ్యగారూ."