పోయిన కారు

"ఇక్కడొక రుజు వెయ్యండమ్మా," అంటూ ఇన్సూరెన్సు ఆఫీసరు క్లెయిము కాగితాన్ని సంతకం కోసం సరోజమ్మ ముందుకు జరిపాడు. చిక్కపేటలో పట్టుచీరల అంగడి నడిపే ఆమె భర్త పక్కనే కూర్చున్నాడు. కారు మాత్రం ఆమె పేరున ఉంది.

అది 1942 ఆగస్టు. కారు కనబడలేదని వారం కిందట ఫిర్యాదు ఇచ్చింది భర్తే. దొడ్డబళ్ళాపురం దారిలో పోలీసులు వెంటబడితే ఆ కారు కల్వర్టు కింద పడి నుజ్జయింది. లోపల తెల్లవాళ్ళు దేశం వదిలిపోవాలనే చేతిరాత కరపత్రాలు దొరికాయి. వాళ్ళింటి డ్రైవరు ఓబళప్ప కాలు విరిగి, పోలీసు కాపలాలో ఆసుపత్రిలో పడి ఉన్నాడు.

"ఓబళప్పే దొంగతనం చేసినాడని రాసినాము. మీరు రుజు వేస్తే దుడ్డు వస్తాది," అన్నాడు ఆఫీసరు.

"ఆయప్ప ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడమ్మా. ఇంట్లో ఎవరికీ తెలీకుండా కారు తెచ్చినానని మూడుసార్లు చెప్పినాడంట."

సరోజమ్మ కలం తీసుకుని 'దొంగతనం' అన్న మాటను అడ్డంగా కొట్టేసింది.

"ఏం చేస్తా ఉండావు?" అంటూ భర్త లేచి నిలబడ్డాడు.

"ఆయప్ప దొంగ కాదు. తాళంచెవి నేనే ఇచ్చినాను," అంటూనే ఆ మాట కాగితం మీద రాసింది.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "ఇట్ల రాస్తే దుడ్డు రాదమ్మా. పోలీసులు మీ ఇంటికి వస్తారు."

"రానీ అప్పా. ఆ కరపత్రాలు ఎవరు రాసినారని వెతుకుతా ఉండారంట గదా. ఈ రాత పక్కన పెట్టి చూసుకోమను."

కింద తన పూర్తి పేరు రాసింది.