పై నట్టు ముందు

“బయోడేటాల అన్ని పనులు వస్తయని రాసినవ్. గిదొస్తదా?”

వినీత స్పానరుతో చూపించింది. చిరంజీవి వంగి చూశాడు. పాత పికప్ బండి. పద్దెనిమిదేళ్ల వయసు, ఒంటి మీద మూడు రంగులు. మర్కూక్ నుంచి సిద్దిపేటకు కూరగాయలు మోసీ మోసీ వెనుక చక్రాల దగ్గర ఊళ పెడుతోంది. ఆ చక్రాల నడుమ గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది. హౌసింగ్ అంటారు. అందులో ఆయిల్ మార్చాలి.

చిరంజీవి జన్మలో బండి కింద దూరలేదు. దుబ్బాకలో మగ్గం నేస్తాడు. వయసు ముప్పై రెండు. ఇప్పటికి ఏడు చోట్లకు వెళ్లాడు. ఆరు చోట్ల చాయ్ తాగించి “ఫోన్ చేస్తం” అన్నారు. ఆ ఫోన్లు ఇంకా రావాలి. ఏడోవాళ్లు ముఖం మీదే అనేశారు: “మగ్గం పనా? వద్దు తమ్మీ.”

ఇది ఎనిమిదోది. “ఈడ గూడ కాదన్నరంటే ఇగ నా బండి మీద నిన్ను తిప్ప,” అని మేనమామ భూపతి పొద్దున్నే తేల్చేశాడు.

సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీదున్న ఆ మెకానిక్ షెడ్డుకు బోర్డు రాజమల్లయ్య పేరుతో ఉంది. మోకాళ్లు పోయి ఆయన కుర్చీలో ఉన్నాడు. పనంతా బిడ్డ వినీతదే. రాజమల్లయ్య పక్క కుర్చీలో భూపతి. భూపతి ముందు మిక్చర్ ప్లేటు.

“కూసొని మాట్లాడొచ్చు గదనే బిడ్డా,” అన్నాడు రాజమల్లయ్య.

“బండి మూడింటికి ఇయ్యాలె బాపూ. కూసొని మాటలు అందరు చెప్తరు. ఇంతకుముందు వచ్చినోళ్లిద్దరు చెప్పలేదా? అంతా తెలుసన్నరు. ఒకడైతే ఆయిల్‌తోని తానం జేసి పోయిండు.”

చిరంజీవి వైపు తిరిగింది.

“చేతులు సూపెట్టు.”

చూపించాడు. తిప్పి మరీ చూసింది.

“గా మూలకు నడిచి తట్ట పట్టుకరా.”

నడిచాడు. టైరు కొనేవాడు గ్రిప్పు చూసినట్టు ఆ నడక చూసింది.

“తాగుతవా?”

“పండుగకు. కల్లు.”

“వంట?”

“పప్పు, కోడిగుడ్డు. అన్నం ఒక్కోపారి మెత్తగైతది.”

“ఫోటోల ఇంకొంచెం ఎర్రగున్నవ్.”

“స్టూడియోడు జేసిండు.”

భూపతికి ఒళ్లు మండింది. “ఏందన్నా ఇది? మనిషిని గిట్ల నడిపిచ్చి సూస్తరా ఎక్కడన్న?”

“మీరెప్పుడు సూడలేదా?” అన్నాడు రాజమల్లయ్య.

భూపతి మిక్చర్‌తో నోరు మూసుకున్నాడు.

చిరంజీవి కొత్త చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. బనీనుతో బండి కింద దూరాడు. హౌసింగ్‌కు అడుగున ఒక నట్టు ఉంది. పైన పక్కగా ఇంకో నట్టు ఉంది. అడుగుది విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. పైది విప్పితే కొత్త ఆయిల్ పోయొచ్చు. ఇంతేగా.

కింది నట్టు మీద స్పానరు పెట్టాడు. వినీత వంగి చూసింది. రాజమల్లయ్య కళ్లు మూసుకున్నాడు.

కానీ తిప్పలేదు. చిరంజీవే ఆగాడు. తల బయట పెట్టాడు.

“అక్...”

భూపతి షెడ్డు రేకులు అదిరేలా దగ్గాడు.

“...మేడం. నాకు రాదు గిది. ముందుగాల ఏది ఇప్పాలె? జర సూపెట్టున్రి.”

రాజమల్లయ్య కళ్లు తెరిచాడు.

“వస్తదని రాసినవ్ గద?” అంది వినీత.

“అది మామ రాసిండు.”

వినీత ఫక్కున నవ్వింది. తనూ బండి కిందికి దూరింది.

“పై నట్టు. ఎప్పటికైనా పై నట్టే ముందు. కిందిది అల్కగ వస్తది, ఉన్న ఆయిలంత పోతది. ఆనెంక పైది తుప్పువట్టి రాకుంటె? పోసేతందుకు తొవ్వ లేదు. బండి ఈన్నే పంటది. గా ఇద్దరు రెండు బండ్లు గట్లనే పండవెట్టి పోయిన్రు. ఒక్కడన్న అడిగిండా? అడిగితె మూతి అరుగుతదా?”

పై నట్టు నిజంగానే రాలేదు. చిరంజీవి గుంజలేదు, తిట్టలేదు. తుప్పు మీద డీజిల్ పోశాడు. నాననిచ్చాడు. సుత్తితో మెల్లగా తట్టాడు. మళ్లీ పోశాడు. తెగిన పోగును వెతికి అతికే చేతులవి, తొందర తెలియవు. అరగంటకు నట్టు కిర్రుమంది.

తర్వాత కిందిది. తారులాంటి ఆయిల్ తట్టలోకి దిగింది. మురిగిన కోడిగుడ్ల కంపు. భూపతి మిక్చర్ ప్లేటు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. నట్టుకున్న అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుని ఉంది. చిరంజీవి దాన్ని వేళ్ల మధ్య నలిపాడు.

“మెత్తగుంది. ముక్కలు లేవు. మంచిదేనా?”

“మంచిదే. గేరు పండ్లు ఇంక అరగలే.”

కింది నట్టు బిగించి, పై నుంచి కొత్త ఆయిల్ పంపుతో ఎక్కించారు. ఎక్కించీ ఎక్కించీ పై రంధ్రం నుంచి సన్నగా కారింది.

“నిండింది,” అన్నాడు చిరంజీవి.

“ఎవలు చెప్పిన్రు?”

“అదే చెప్పింది. కారుతుంది గద.”

వినీత బండిని చౌరస్తా దాకా తోలి తెచ్చింది. ఊళ సగం తగ్గింది. ఆ వయసుకు అంతే.

“మల్ల జేస్తవా?”

“మీరు పక్కన ఉంటె జేస్త.”

భూపతి ముక్కు మూసుకునే లోపలికి వచ్చాడు. ఖాళీ ప్లేటు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“మరి... ఫోన్ జేస్తరా?”

వినీత మోచేతుల దాకా అంటిన ఆయిల్ పాతగుడ్డతో తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది: “ఫోనెందుకు బాపూ, పిలగాడు నాకు నచ్చిండు, లగ్గం పెట్టుకోన్రి.”