కుడికాలి షూ

"షూస్ బయట విప్పి రండి, కోచ్," అంది భానుమతి.

కోచ్ డాసన్ గడప దగ్గరే ఆగిపోయాడు. ఆ ఊళ్ళో ఆయనకి ఎదురుచెప్పే మనిషి లేడు. మేయరంతటివాడు కూడా ఆయన్ని చూస్తే లేచి నిలబడతాడు. కానీ ఇప్పుడు అవసరం తనది. వంగి లేసులు విప్పాడు. ఎడమ సాక్స్‌కి చిల్లుంది. బొటనవేలు బయటికి తొంగిచూస్తుండగా వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు.

ఆయన వచ్చింది కూడా షూస్ కోసమే.

అది ఇల్లినాయ్‌లో ఒక కాలేజీ ఊరు. 1984. గురువారం సాయంత్రం లెక్కల డిపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్ లాట్‌లో మల్లికార్జున్‌ని ఎవరో వెనకనుంచి పడదోసి, మూతి పగిలేలా, కడుపులో తన్ని పారిపోయారు. అతను ముఖం చూడలేదు. గుంటూరు నుంచి పైచదువుకి వచ్చిన కుర్రాడు. కింది క్లాసులవాళ్ళ పేపర్లు దిద్దుతాడు. ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడే జాక్ పేపర్ కూడా అతనే దిద్దాడు. ఫెయిల్ చేశాడు. మార్కులు మార్చమంటే మార్చనన్నాడు. ఆ మార్కులు అలాగే ఉంటే వచ్చే నెల నుంచి జాక్ ఆడటానికి లేదు.

జాక్ టీమ్‌కి కిక్కర్, బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చేవాడు. అతని కుడికాలిని ఊరంతా నెత్తిన పెట్టుకుంది. శనివారం ఆ కాలితోనే మ్యాచ్ గెలిపించాడు. గురువారం సాయంత్రం జాక్ తమతోనే ఉన్నాడని టీమ్‌లో స్నేహితులు కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పారు. పోలీసులు తల ఊపి వెళ్ళిపోయారు.

ఆదివారం జాక్ భానుమతి ఇంట్లో భోజనం చేశాడు. ఆమె భర్త హరనాథ్‌కి ఫుట్‌బాల్ పిచ్చి. ఆటగాళ్ళు ఆ ఇంట్లో భోంచేయడం కొత్తేమీ కాదు. ఎంత మొనగాడైనా అక్కడ గడప దగ్గర షూస్ విప్పాల్సిందే. జాక్ మూడోసారి పులిహోర వడ్డించుకుంటుంటే, అడ్డంగా పడున్న ఆ షూస్‌ని పక్కకి జరపబోయి భానుమతి ఆగిపోయింది. కుడి షూ శుభ్రంగా కడిగి ఉంది. కుట్లలో మాత్రం ఎండిన రక్తం మిగిలింది.

ఆమె హాస్పిటల్‌లో మత్తుమందు డాక్టర్. గురువారం ఆపరేషన్‌కి మల్లికార్జున్‌ని నిద్రపుచ్చింది ఆమే. "ఆంటీ, మా అమ్మకి ఫోన్ చేయకండి," అంటూనే కళ్ళు మూశాడు.

షూస్ తీసి దాచేసింది. జాక్ వెతుక్కుంటుంటే హరనాథ్ పాత జోడు ఇచ్చి పంపింది. షూస్ ఆమె దగ్గరే ఉండిపోయాయని జాక్ కోచ్‌తో చెప్పినట్టున్నాడు.

"జాక్‌కి ఇరవయ్యేళ్ళు, డాక్టర్," అన్నాడు కోచ్. "పెద్ద టీమ్‌లవాళ్ళు వచ్చి చూసి వెళ్తున్నారు. ఒక్క తప్పుకి జీవితమంతా పాడుచేసుకోవాలా? ఆ రెండోవాడు ఎలాగూ కోలుకుంటాడు."

"ప్లీహం తీసేశాం. అది మళ్ళీ మొలవదు."

"అతను మీ దేశంవాడని మీకు బాధ. అర్థం చేసుకోగలను."

"మీకేమీ అర్థం కాలేదు."

"ఈ వయసులో కోపాలుంటాయి. మేం కూడా ఒత్తిడి ఎక్కువ పెట్టాం. పెంపకంలో లోటుందేమో. తప్పంతా వాడిదే అంటే ఎలా?"

"మీ తప్పు మీరు మోయండి. పెంచినవాళ్ళ తప్పు పెంచినవాళ్ళు మోస్తారు. తన్నింది మాత్రం జాక్. అది వాడే మోయాలి."

కోచ్ లేచాడు. మర్నాడు ఆ జోడు ఆమే పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళింది.

జాక్‌ని అరెస్టు చేశారు. ఆ షూస్ తనవి కావన్నాడు. అవి జాక్ కాళ్ళనుంచి విప్పినవేనని చెప్పగలిగేది ఇద్దరే. హరనాథ్ తనేమీ చూడలేదన్నాడు. ఇక మిగిలింది భానుమతి. ఆమె కోర్టులో నోరు విప్పితే జాక్ జైలుకి వెళ్తాడు. విప్పకపోతే మళ్ళీ మైదానానికి వెళ్తాడు.

ఊరు ఆమె మీద కత్తి కట్టింది. ఇంటి తలుపు మీద కోడిగుడ్లు పగిలాయి. హాస్పిటల్‌లో నర్సులు పలకరించడం మానేశారు. స్నేహితురాలు రాధారాణి ఫోన్ చేసింది.

"వాడికి శిక్ష పడితే నీకేం ఒరుగుతుందే?"

"ఏమీ ఒరగదు. అందుకే చెప్తున్నా."

హరనాథ్ టీవీ సౌండ్ తగ్గించి కూర్చుంటున్నాడు. ఇద్దరూ వేరువేరు గదుల్లో తింటున్నారు.

"మరిచిపోయానని చెప్పు. ఒక్క మాట. వాడి లైఫ్ అంతా ముందుంది, భానూ."

"మల్లికార్జున్‌కి లేదా?"

ఆయన మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

చివరికి మల్లికార్జున్ కూడా అదే మాట అన్నాడు. మంచం మీద మెల్లగా లేచి కూర్చుని, "ఆంటీ, నాకోసం మీరింత పడొద్దు. కేసు వదిలేద్దాం," అన్నాడు.

"నీకోసం కాదు నాన్నా. పడుకో."

బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాక ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలీదు. కోపానిదే పైచేయి అయింది. ముఖం తుడుచుకుని స్టార్ట్ చేసింది.

విచారణ రోజు కోర్టు టీమ్ జాకెట్లతో నిండిపోయింది. భానుమతి నేత చీర కట్టుకుని, పైన కోటు వేసుకుని, ఆ జాకెట్ల మధ్యనుంచే నడిచింది. ఎవరో వెనకనుంచి ఏదో అన్నారు. తిరిగి అతని కళ్ళలోకి చూసింది. అతనే తల దించుకున్నాడు. హరనాథ్ చివరి బెంచీలో కూర్చున్నాడు. జాక్ ముందు వరసలో, కొత్త సూట్‌లో, ఆమెవైపే చూస్తున్నాడు.

ఆమె ప్రమాణం చేసింది. ప్రభుత్వ లాయర్ బల్ల మీద షూస్ పెట్టాడు.

"మీ పేరు, ముద్దాయి మీకు ఎలా తెలుసో జ్యూరీకి చెప్పండి."

"డాక్టర్ భానుమతి," అంది ఆమె, జాక్ వైపే చూస్తూ, "మీరంతా జాక్ అని పిలుస్తున్న ఆ జగదీష్‌ని కన్నతల్లిని."