స్పీకర్ మీద చెయ్యి

"పెద్దాయనా, దాన్ని ముట్టుకోకండి!"

వెర్నన్ వెనకనుంచి మూడుసార్లు అరిచాడు. ఆ మనిషి తిరిగైనా చూడలేదు.

జూన్ నెలాఖరు శనివారం. మిన్నెసోటా ఉత్తరాన, సరస్సు ఒడ్డు పార్కులో రేడియో క్లబ్బు వాళ్ళ ఏటేటా జరిగే పోటీ. రేకుల షెడ్డు కింద రెండు రేడియోలు, పైన్ చెట్లకు కట్టిన యాంటెన్నా తీగలు. ఇరవై నాలుగు గంటల్లో రేడియోలో ఎంతమందిని పలకరిస్తే అన్ని పాయింట్లు.

క్లబ్బు అధ్యక్షుడు వెర్నన్ స్టెంగెల్. పోయినేడు పక్క జిల్లా వాళ్ళ చేతిలో ఆరు పాయింట్లతో ఓడిన మంట ఆయనకింకా చల్లారలేదు.

ఈ ముసలాయన మధ్యాహ్నం తిన్నగా లోపలికొచ్చాడు. సందర్శకుల పుస్తకంలో 'ఐనో కెటోలా, టామరాక్ రోడ్డు' అని రాశాడు. పొట్టి, పొడుగు మోతలతో కబుర్లందుకునే మోర్స్ రేడియో పక్కకి కుర్చీ లాక్కుని, స్పీకర్ మీద అరచెయ్యి ఆనించాడు.

వెర్నన్ వచ్చి ఆ చేతిని తీసేశాడు.

"పిలుస్తుంటే లెక్కలేదా? కాఫీ అక్కడుంది. ఇక్కడ పని జరుగుతోంది."

"కాసేపు... కూర్చుంటా," అన్నాడు ముసలాయన. మాట ముద్దగా, సాగదీసినట్టుంది.

"పట్టపగలే పుచ్చుకుని వచ్చినట్టున్నాడు," అంది లొరెయిన్ మెల్లగా. మోర్స్ రేడియో ముందు కూర్చునేది ఆవిడే. "పోనీలే వెర్నన్, ఓ మూల ఉండనీ."

మూడింటికి ఆకాశం నల్లబడింది. రేకుల మీద వాన దబదబా మొదలైంది.

ఉన్నట్టుండి లొరెయిన్ చెయ్యెత్తింది.

"ఆగండి! ఎవరో ఆపదలో ఉన్నారు, ఎస్.ఓ.ఎస్. కొడుతున్నారు."

"పోటీలో ఎవడి తుంటరితనమో!"

"కాదు. కొట్టేవాళ్ళ చెయ్యి వణుకుతోంది... అయ్యో, పోయింది. అంతా మెరుపుల గరగర."

వెర్నన్ హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకున్నాడు. గరగర తప్ప ఏమీ లేదు. ఇంకో ఇద్దరు ప్రయత్నించారు. వాళ్ళకీ అంతే.

ముసలాయన లొరెయిన్ మొహంకేసే చూస్తున్నాడు. లేచి, హెడ్‌ఫోన్ తీగ ఊడబెరికాడు. స్పీకర్ భళ్ళున మోగింది. ఏదో మీట తిప్పాడు. ఆ మోత కీచుదనం తగ్గి తగ్గి, బల్ల అదిరే తుమ్మెద రొదలా అయింది.

"పాడు చేస్తున్నాడు! లాగండ్రా అతన్ని!"

"ఉండు వెర్నన్," అంది లొరెయిన్.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. ఎడమ అరచెయ్యి స్పీకర్ మీద. కుడిచేతిలో పెన్సిల్.

కాగితం మీద ఒక అక్షరం పడింది. చాలాసేపటికి ఇంకొకటి.

'నా భర్త... తొడ... రక్తం ఆగడం లేదు...'

షెడ్డులో ఉన్న పదకొండుమందీ ఆ కాగితం చుట్టూ మూగారు.

'మూస్‌హార్న్ సరస్సు... ఉత్తరపు దీవి... పడవ పోయింది... బ్యాటరీ అయిపో...'

"నలభై ఏళ్ళ అనుభవం నాది," అని గొణిగింది లొరెయిన్. "ఒక్క అక్షరం పట్టుకోలేకపోయాను."

వెర్నన్ రెండో రేడియో కట్టేయించాడు. పాయింట్ల మాట ఎవరూ ఎత్తలేదు. లొరెయిన్ జిల్లా పోలీసు అధికారి షెరీఫ్‌కి ఫోన్ చేయడానికి పరిగెత్తింది.

"అందిందని... చెప్పు ఆవిడకి," అన్నాడు ముసలాయన.

వెర్నన్ మోర్స్ మీట నొక్కాడు. 'అందింది. వస్తున్నారు. ధైర్యం.'

ముసలాయన చెయ్యి మళ్ళీ స్పీకర్ మీదికి వెళ్ళింది. కాసేపటికి నవ్వాడు.

"ఏడుస్తోంది," అన్నాడు. "మీట కొట్టే తీరులో తెలుస్తోంది."

వాన వెలిసాక నీళ్ళ మీద దిగే విమానం వెళ్ళి ఇద్దర్నీ తెచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే మగాయన దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. ఆ కబురు షెడ్డుకి చేరేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయనకి క్లబ్బులో గౌరవ సభ్యత్వం ఇవ్వాలని అందరూ చేతులెత్తారు. ఇత్తడి రేకు మీద పేరు చెక్కించారు. ఇచ్చి రావడం వెర్నన్ వంతు. యాంటెన్నా స్తంభం మరమ్మతు అన్నాడు, ఇంటి పైకప్పు అన్నాడు. నిజానికి ఆ చేతిని తీసేసిన సంగతి గుర్తొచ్చి మొహం చెల్లలేదు.

చివరికి అక్టోబరులో లొరెయినే బలవంతాన బయల్దేరదీసింది.

టామరాక్ రోడ్డులో తలుపు తీసింది ఎనభై ఏళ్ళ ఆవిడ. ఐనో అక్క.

"పదిహేను రోజులైంది," అంది. "నిద్రలోనే పోయాడు."

వెర్నన్ ఇత్తడి రేకు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేనాయన్ని తాగొచ్చాడనుకున్నానమ్మా. మేం పదకొండుమందిమీ పట్టుకోలేనిది ఆయనొక్కడే పట్టుకున్నాడు. ఎక్కడిదమ్మా అలాంటి చెవి?"

ఆవిడ వింతగా చూసింది. వెర్నన్ చెయ్యి అందుకుని, అరచేతిలో వేలితో మెల్లగా తట్టింది. పొట్టిగా, పొడుగ్గా, పొట్టిగా.

"మా నాన్న ఓడల్లో రేడియో పనిచేసేవాడు. వాడికి ఇలా నేర్పాడు."

"అరచేతిలోనా? ఎందుకమ్మా?"

"పదకొండో ఏట జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాక," అందావిడ, "వాడు ఈ లోకంలో ఒక్క చప్పుడైనా వినలేదు బాబూ."