మూడో సిలిండరమ్మ

ఫిబ్రవరి పదకొండు. మెకానిక్కు ఆ రోజు తిన్నది రెండు రొట్టె ముక్కలు. అవీ ఆస్పత్రి వరండాలో నిలబడి.

చెయ్యి కడుక్కుని వార్డులోకి వెళ్లేసరికి భార్య పోయింది.

పక్క మంచానికి అడ్డంగా ఆకుపచ్చ తెర. రెండు నెలలుగా చూస్తున్నదే. దాని వెనక ఎవరో ఎప్పటిలాగే దగ్గుతున్నారు.

తర్వాత నెల రోజులు అతను షెడ్డు తెరవలేదు. వెనకే ఇల్లు. ఓదార్చడానికి వచ్చినవాళ్లకి ఆ తలుపూ తీయలేదు. ఏడవలేదు. ఆకలి వేయలేదు. బెల్టు మాత్రం రెండు రంధ్రాలు లోపలికి జరిగింది.

ఓ గురువారం మధ్యాహ్నం మూసిన షట్టరు ముందు ఒక కారొచ్చి ఆగింది.

డుగ్ డుగ్ డుగ్, ఒక ఖాళీ. డుగ్ డుగ్ డుగ్, మళ్లీ ఖాళీ.

లోపల పడుకున్న మనిషి ఐదు నిమిషాలు ఓర్చుకున్నాడు. ఆపైన ఉండబట్టలేక లేచి షట్టరెత్తాడు.

"ముందు ఆపండమ్మా! ఒక సిలిండరు అందుకోవడం లేదు. అలా తిప్పుతూ కూర్చుంటారేం?"

తలకి గుడ్డ చుట్టుకున్న ఒకావిడ మెల్లగా దిగింది. "నాకేం తెలుసు బాబూ. అందుకేగా నీ దగ్గరికొచ్చింది."

అతను బానెట్ ఎత్తాడు. నాలుగు కాయిళ్లకి నాలుగు క్లిప్పులు. ఒక్కొక్కటే లాగి చూశాడు. మొదటిది గట్టిగా ఉంది. రెండోదీ అంతే. మూడోది పట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది.

"ఇదమ్మా సంగతి. కరెంటందక మూడోది మండట్లేదు."

నొక్కాడు. టిక్కుమంది. తాళం తిప్పితే ఇంజను సాఫీగా తిరిగింది.

ఈలోగా ఆవిడ స్టూలు మీద రెండు డబ్బాలు తెరిచింది. అన్నం, బంగాళాదుంప కూర.

"రా, కూర్చో. తోడు లేకపోతే నాకు ముద్ద దిగదు."

"ఆకలి లేదమ్మా."

"ఆకలుందా అని అడిగానా? తోడుకి రమ్మన్నాను."

తిన్నాడు. రుచి తెలియలేదు గాని డబ్బా ఖాళీ అయింది. ఆవిడ మాత్రం రెండు ముద్దలు తిని, దగ్గి, మూత పెట్టేసింది.

రెండు వారాలకి మళ్లీ గురువారం. మళ్లీ అదే కారు, అదే వణుకు, అదే మూడోది.

కాయిల్ మార్చాడు. ఇంకోసారి ప్లగ్గు మార్చాడు. ఆ పైసారి క్లిప్పే కొత్తది వేశాడు. అయినా ఊడిపోయి వచ్చేది.

మనసు పెట్టి ఉంటే అతనికి అప్పుడే తెలిసేది. పక్కనున్న ప్లాస్టిక్ నాలుక నొక్కి లాగితే గాని ఊడని క్లిప్పది. కానీ మనసు ఎక్కడుందో అతనికే తెలియదు.

పక్కన టైర్ల కొట్టతనికి మాత్రం మంచి కాలక్షేపం.

"అన్నా, లే! నీ మూడో సిలిండరమ్మ దిగింది!"

ఆవిడ కోసం ఎత్తిన షట్టరు చూసి మిగతా బళ్లూ రావడం మొదలుపెట్టాయి. షెడ్డు రోజూ తెరుచుకుంటోంది.

ఆరోసారి మెకానిక్కుకి సిగ్గేసింది.

"ఇలా అయితే పనివాడిగా నా పరువేం కానమ్మా?"

నైలాన్ పట్టీ తెచ్చి క్లిప్పునీ కాయిల్‌నీ కలిపి బిగించాడు.

ఆవిడ వంగి, పట్టీని వేలితో లాగి చూసింది. "ఇక ఊడదా?"

"ఏనుగు లాగినా ఊడదు. మీకీ తిరుగుడు తప్పింది."

"మంచి పనివాడివి," అందావిడ. ఆ రోజు డబ్బా మూత పెట్టడానికి చాలాసేపు పట్టిందామెకి.

తర్వాతి గురువారాల్లో ఆవిడ రాలేదు.

"బాగు చేసి పంపేశావు. ఇంకెందుకొస్తుంది?" అన్నాడు టైర్లతను.

మధ్యాహ్నాలు స్టూలు మీద డబ్బాలుండే చోట పానాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు మెకానిక్కు.

మూడు నెలలకి ఆ కారు వచ్చింది. దిగింది ఒక మగమనిషి.

"మా అక్క బండి. అమ్మేద్దామనుకుంటున్నాం. ఒకసారి చూసిపెట్టండి."

"ఆవిడేరి?"

"పోయి పదిహేను రోజులైంది. ఎప్పట్నుంచో జబ్బే. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా, గురువారమొస్తే ఇంట్లో నిలిచేది కాదు. వద్దంటే వినేదా! ఎక్కడికో మాత్రం చెప్పేది కాదు."

మెకానిక్కు తాళాలందుకున్నాడు. "రేపు రండి," అని అతన్ని పంపేసి ఇంజను తిప్పాడు.

బానెట్ ఎత్తాడు. నైలాన్ పట్టీ అలాగే ఉంది. ఒక పక్కన మాత్రం గాట్లు. ఎనిమిదో, పదో. ఎవరో చిన్న పనిముట్టుతో కొరికి కొరికి, తెంచలేక వదిలేశారు.

కాగితాల కోసం ముందు సీటుకి ఎదురుగా ఉన్న అర తెరిచాడు. ఒక గోళ్ల కత్తెర. దాని కింద మడత చీటీ.

విప్పాడు. నాలుగు గుండ్రాల బొమ్మ, మూడోదాని చుట్టూ ఇంకో గీత. కింద రాత. షెడ్డులో ప్రతి సామాను డబ్బా మీదా ఉన్న తన భార్య చేతిరాతే.

'అక్కా, తెర అవతల నుంచి మాటిచ్చావని ఇది రాస్తున్నాను. మూడోదే తియ్యి, చెయ్యి అందుతుంది. మా వీధి మలుపులో ఇంజను ఆపాకే తియ్యి. అంతకుముందే తీసి నడిపితే సైలెన్సరు పాడవుతుంది. ఓదార్చకు, తలుపేసుకుంటారు. ఇంజను వణికితే మాత్రం ఆగలేరు, వచ్చేస్తారు. తోడు లేకపోతే నీకు ముద్ద దిగదని చెప్పు. నాకు ఆ మాట ఇరవై ఏళ్లు పనిచేసింది.'

ఇంజను నడుస్తూనే ఉంది. నాలుగూ మండుతున్నాయి.

అతనికి ఏడుపు రాలేదు. ఆకలేసింది.

తాళం తిప్పి ఇంజను ఆపాడు. చీటీ జేబులో పెట్టుకుని, బయటికొచ్చి పక్క కొట్టు వైపు తిరిగి, "ఏరా, నాకు తోడుగా తింటావా?" అని పిలిచి, షట్టరు చప్పుడు కాకుండా దించాడు.